పందిపిల్లల ప్రేవుల జబ్బు, తల్లిపాలు, ‘ఏ’ విటమిను

2013వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని పందులశాలలయం దొక క్రొత్త జబ్బు బయలుదేరెను. సాయంకాలమున తల్లిప్రక్కను వరుసగా పరుండి పాలు త్రాగుచుండిన పిల్లలు మరునాటికి త్రాగిన పాలు కక్కుకొని, నీళ్లవలె విరేచనములై, చర్మము ముడుతలుపడి, చలికి వణకుచు నొకదానిపై నొకటి పడియుండెడివి. రెండు మూడు దినములలో నొక ఈతలోని పిల్లలన్నియు చచ్చుటయు గలదు. తల్లికిని జబ్బు తగిలెడిది గాని, అది కొలదిదినములు మేత మాని మరల తేరుకొనెడిది. ఒక సంవత్సరములో ఆ దేశమున చచ్చిన పందిపిల్లలు 70 లక్షలకు పైబడియుండునని అంచనా వేయబడినది.

ఈ పత్రికను చదువు విద్యార్థులలో కొందరు “పందులతో మనకేమి పని?” అని నవ్వవచ్చును. నవ్వదగినది కాదు. మన తెలుగుజిల్లాలలో ఎరుకలవారు తరతరములుగా పందులను పెంచి జీవించుచున్నారు. పొలము లేని యింటికి ఒక తల్లిపంది ఈనిన ఈత పైరువంటిది. ఆ పిల్లలు బ్రతికి పెరిగినయెడల అప్పు తీరును, ఇంటికప్పు మారును, బడిపిల్లవానికి పుస్తకములు వచ్చును. అవి ఒక వారములో చచ్చినయెడల ఆ యేటి యాశయంతయు పోవును. తప్పిపోయిన కుమారుని యుపమానమును చదివి పందులను మేపుట హీనమని తలంచువారు, ఆ కుమారుడు సిగ్గుపడినది తన దుర్వ్యయమునకే గాని ఆ పనికి గాదని జ్ఞాపకముంచుకొనవలెను. కష్టపడి చేయు పనులలో హీనమైనది లేదు.

ఈ జబ్బునకు ఒక విటమిను మందని కొందరు చెప్పుదురు. ఆ మాటలో కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. ఏది నిజమో, ఏది పొరపాటో వేరుపరచి తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క యుద్దేశము.

జబ్బును కలిగించునది

ఈ జబ్బునకు కారణము ‘కరోనా’ అను తెగకు చెందిన వైరసు. సూక్ష్మదర్శినిలో చూచినపుడు దాని చుట్టును కిరీటమువలె మొనలు కనబడుటచేత ఆ తెగకు కిరీటమను అర్థము గల ఆ పేరు వచ్చినది. ఈ తెగలో పందుల ప్రేవులను పట్టునవి ఒకటికంటె నెక్కువ గలవు. 1946వ సంవత్సరమున అమెరికాలో డాయిల్, హచింగ్సు అను ఇరువురు పండితులు ఇట్టి జబ్బు నొకదానిని మొదట వర్ణించిరి. 1971లో ఇంగ్లండునందు దానిని పోలినదే గాని వేరైన జబ్బు కనబడెను. 1978లో బెల్జియముదేశపు శాస్త్రజ్ఞులు దానికి కారణమైన క్రొత్త కరోనావైరసును గుర్తించిరి. దీనికే ‘పి. ఇ. డి.’ అని పేరు. 2013లో అమెరికాలో ప్రవేశించినది ఇదియే. ఇవిగాక 2012లో హాంకాంగునందును, 2017లో చైనాదేశపు గ్వాంగ్‌డాంగు రాష్ట్రమందును పందులలో మరి రెండు క్రొత్త కరోనావైరసులు బయల్పడినవి. గ్వాంగ్‌డాంగునందు కనబడినది గబ్బిలములనుండి వచ్చినదని పరిశోధకులు కనుగొనిరి.

‘పి. ఇ. డి.’ వైరసు మనుష్యులకు అంటునది కాదు. పందులలోమాత్రము మలముద్వారా మిక్కిలి త్వరగా వ్యాపించును. రోగపుపంది విసర్జించిన మలము ఆవగింజంత చెప్పుకు అంటుకొని వచ్చినను, పందులను తరలించు లారీచక్రమునకు అంటుకొని వచ్చినను మంద యంతకును ముప్పే.

పిల్లలే చచ్చుట కేమి కారణము?

చిన్నప్రేవుల లోపలిగోడ నున్నగా నుండదు. తువాలుగుడ్డపై నూలుపోగులు లేచియుండునట్లు దానిపై వేనవేలు సన్నని మొలకలు లేచియుండును. వీటికి చూషకములని పేరు. జీర్ణమైన యాహారమును రక్తములోనికి పీల్చుకొనునవి ఇవియే. ప్రతి చూషకముపైని ఒక వరుస జీవకణములు కప్పియుండును. వైరసు ఈ కణములలో దూరి, అచ్చట తనవంటి వాటిని లెక్కకు మించి పుట్టించి, కణమును చంపి వెలువడి ప్రక్కకణమును పట్టును. ఒకటి రెండు దినములలో చూషకములు కోసిన పైరు మోళ్లవలె పొట్టివై పోవును.

అప్పుడు పాలు కడుపులోనికి పోయినను జీర్ణము గావు, రక్తములోనికి చేరవు. జీర్ణముగాని పాలు ప్రేవులలో నిలిచి శరీరములోని నీటిని తమవైపునకు లాగికొనును. ఆ నీరంతయు విరేచనరూపమున పోవును. కావున పిల్ల చచ్చుట వైరసు విషమువలన గాదు, దాహమువలనను, ఉప్పుల నష్టమువలనను, ఆకలివలనను. కడుపునిండ పాలుండగనే ఆకలిచేత చచ్చుటకంటె దైన్యమేమి గలదు?

పెద్దపందికిని ఇట్లే జరుగును గదా, అది యేల బ్రతుకును? ప్రేవులలోని కణములు చచ్చినకొలది క్రొత్తవి పుట్టుచునే యుండును. పాలు విడిచిన పందులలో ఈ పొర మారుటకు 2 లేక 3 దినములు చాలును. అప్పుడే పుట్టిన పిల్లలలో 5 మొదలు 7 దినములు పట్టును. పెద్దది మూడునాళ్లు ఓర్చుకొనినయెడల క్రొత్తపొర వచ్చి బ్రతుకును. పసిపిల్ల శరీరములో అన్నినాళ్లకు సరిపడు నీరును లేదు, క్రొవ్వును లేదు. అందుచేత మొదటివారములో జబ్బు తగిలిన పిల్లలలో నూటికి 80 మొదలు 100 వరకును చచ్చుట గలదు.

తల్లిపాల కాపుదల

రోగమును పుట్టించు వాటిని పట్టి నిలుపుటకు శరీరము తయారుచేయు పదార్థములకు ప్రతిరక్షకములని పేరు. మానవశిశువు గర్భమందున్నపుడే మావిద్వారా తల్లి రక్తమునుండి కొన్నిటిని పొందును. పందిపిల్లకు ఈ భాగ్యము లేదు. పందియొక్క మావిలో తల్లిరక్తమునకును పిల్లరక్తమునకును నడుమ ఆరు పొరలు అడ్డుగా నుండుటచేత ప్రతిరక్షకములు దాటలేవు. కావున పందిపిల్ల ఆయుధము లేని సిపాయివలె పుట్టును. దానికి కావలసినదంతయు తల్లిపాలనుండియే రావలెను.

ఇందులో రెండు ఘట్టములు గలవు. మొదటిది ముర్రుపాలు. పుట్టిన తరువాత ఒక దినము లేక ఒకటిన్నర దినమువరకు పిల్లయొక్క ప్రేవులు ప్రతిరక్షకములను చెడగొట్టక రక్తములోనికి దాటనిచ్చును. పిదప ఆ ద్వారము మూసికొనిపోవును. ముర్రుపాలలో మిక్కుటముగా నుండునవి ‘ఐ. జి. జి.’ అను జాతివి. ఇవి రక్తమును కాపాడును. కాని మన శత్రువు రక్తములో లేదు, ప్రేవుల గొట్టములోనే యున్నది. ఇంటిలో కావలి యున్నను వాకిట దొంగను ఆపువారు లేనట్లు, రక్తములోని ప్రతిరక్షకములుమాత్రమే యున్న పిల్ల ఈ జబ్బునకు లొంగిపోవును.

రెండవ ఘట్టము ముర్రుపాల తరువాతి పాలు. వీటిలో ‘ఐ. జి. ఏ.’ అను జాతి ప్రతిరక్షకము లెక్కువ. ఇవి రక్తములోనికి పోవు. ప్రేవులలోనే నిలిచి వైరసు కణములను అంటుకొనకుండ అడ్డగించును. పిల్ల దాదాపు గంటకొకసారి పాలు త్రాగును గనుక గంటగంటకును ప్రేవులకు క్రొత్తపూత పూసినట్లగును. పిల్లను తల్లినుండి విడదీసినచో ఈ కాపుదలయు పోవును.

పాలలో ‘ఐ. జి. ఏ.’ యుండుటకు తల్లికి ఏమి జరిగియుండవలెను? ఈ ప్రశ్నకు 1970వ సంవత్సరమునకు తరువాతి యేండ్లలో ఒహైయో రాష్ట్రమందలి ఎడ్వర్డు బోల్‌గారును, ఆయన శిష్యురాలగు లిండా సైఫుగారును జవాబు కనిపెట్టిరి. ప్రేవులలో జబ్బు వచ్చి తేరుకొనిన తల్లుల పాలలో ‘ఐ. జి. ఏ.’ మెండుగా నుండెను, వాటి పిల్లలు బ్రతికెను. కండరములో టీకా పొడిచిన తల్లుల పాలలో ముఖ్యముగా ‘ఐ. జి. జి.’ యే యుండెను, వాటి పిల్లలకు అంతటి రక్షణ లేకపోయెను. దీనినిబట్టి తేలిన సంగతి యేమనగా: తల్లియొక్క ప్రేవులలో శత్రువును చూచిన రక్షకకణములు రక్తముగుండ ప్రయాణము చేసి పొదుగును చేరి అచ్చట ప్రతిరక్షకములను తయారుచేయును. చదువు ప్రేవులలో, ఉద్యోగము పొదుగులో నన్నమాట. ఈ దారి యుండుటచేతనే తల్లి ప్రేవుల యనుభవము పిల్ల ప్రేవులకు పాలరూపమున చేరుచున్నది. సైఫుగారికి 2015లో వ్యవసాయశాస్త్రమునందు ఉల్ఫు బహుమాన మీయబడెను.

‘ఏ’ విటమిను

ఇక విటమినుకు వత్తము. ‘ఐ. జి. ఏ.’ లోని ‘ఏ’ కును ‘ఏ’ విటమినుకును పేరులో తప్ప పోలిక లేదని చదువరులు మొదటనే గ్రహింపవలెను. ఒకటి శరీరము చేసికొను ప్రతిరక్షకము, రెండవది ఆహారమునుండి రావలసిన పోషకము.

1913వ సంవత్సరమున అమెరికాలోని విస్కాన్సినునందు మెకాలం, డేవిసు అను వారు ఎలుకలకు వేరువేరు మేతలు పెట్టి చూచి, వెన్నలోను గ్రుడ్డుసొనలోను పెరుగుదలకు అవసరమైన దేదో యున్నదని కనుగొనిరి. దానికే తరువాత ‘ఏ’ విటమినని పేరు వచ్చినది. కాలేయము, వెన్న, గ్రుడ్డుసొన, పాలు, చేపనూనె వీటియందిది యుండును. ఆకుకూరలు, క్యారట్టు, బొప్పాయి, మామిడిపండు వీటియందలి పచ్చని, ఎఱ్ఱని పదార్థము శరీరములో ఈ విటమినుగా మారును. ఇది చాలనివారికి రేచీకటి వచ్చుట మన పల్లెలలో పెద్దలందరు నెరిగినదే. మన దేశమున పిల్లలకు ఆరునెలల కొకసారి ఈ విటమినును నోట పోయు ప్రభుత్వపథకము 1970లో ప్రారంభమైనది.

పందులకును ఈ విటమినుకును పాతసంబంధమే గలదు. 1933వ సంవత్సరమున టెక్సాసునందు ఫ్రెడ్ హేలు అను పండితుడు ‘ఏ’ విటమిను లేని మేతతో పెంచిన యొక చూలుపంది 11 పిల్లలను ఈనెను. ఒక్కపిల్లకును కనుగ్రుడ్లు లేవు. ఇది వంశదోషమేమో యని సందేహము. ఆ గ్రుడ్డిపిల్లలే పెరిగి తగిన మేత తిని ఈనగా వాటి పిల్లలకు కన్నులు చక్కగా నుండెను. దోషము రక్తములో లేదు, తల్లి మేతలో నున్నది. గర్భిణి యాహారములోని లోపము పుట్టబోవు ప్రాణినెట్లు చెరచునో ఈ ప్రయోగము లోకమునకు చూపెను.

తరువాత 1986లో ఆల్ఫ్రెడ్ సోమరుగారును వారి సహచరులును ఇండొనేషియాలోని సుమత్రాదీవియందు, ‘ఏ’ విటమిను గుళికలు పుచ్చుకొనిన గ్రామములలో చిన్నపిల్లల మరణములు మూడింట ఒకవంతు తగ్గినవని ప్రకటించిరి. కంటివిటమినని పేరొందినది కంటికిమాత్రమే గాక రోగముల నెదిరించు శక్తికిని ఆధారమని అంతట తెలిసినది.

అది యెట్లు పనిచేయునో పిమ్మట తెలిసివచ్చెను. ప్రేవులలోని కొన్ని కణములు ‘ఏ’ విటమినును రెటినోయికు ఆమ్లమను మరియొక పదార్థముగా మార్చును. ఈ యామ్లము అచ్చట శిక్షణ పొందు రక్షకకణములపై ఒక గుర్తు వేయును. ఉత్తరముపై విలాసము వ్రాసినట్లు, ఆ గుర్తు గల కణములు రక్తములో ఎంతదూరము తిరిగినను తిరిగి ప్రేవులను చేరగలవు. అవి ‘ఐ. జి. ఏ.’ ను తయారుచేయుటకును ఆ యామ్లమే తోడ్పడును. విటమిను చాలనిచోట విలాసము లేని యుత్తరములవలె కణములు దారితప్పును.

ఒహైయోలోని ప్రయోగము

ఈ రెండు సంగతులను, అనగా ప్రేవులనుండి పొదుగునకు గల దారిని, ఆ దారికి విలాసము వ్రాయు విటమినును, సైఫుగారును వారి సహచరులును జతపరచి యాలోచించిరి. చూలుపందికి ‘ఏ’ విటమినును అధికముగా నిచ్చినయెడల దాని పాలలోని కాపుదల బలపడునా? ఈ ప్రశ్నకు జవాబుగా వారు చేసిన ప్రయోగము 2019వ సంవత్సరమున ప్రకటింపబడినది.

పంది చూలుకాలము సుమారు 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములు అని లెక్కించిన జ్ఞాపకముండును. వారు తొలిచూలు పందులను తీసికొని, 76వ దినము మొదలు కొన్నిటికి ప్రతిదినము 30,000 అంతర్జాతీయ యూనిట్ల విటమినును నోటిద్వారా ఇచ్చిరి. పిల్లలు పాలు త్రాగు కాలమంతయు ఇచ్చుచునే యుండిరి. ఇచ్చినది రెటినైల్ ఎసిటేటు అను సమ్మేళనము. ‘ఏ’ విటమినును, వెనిగరులోని పులుపునకు కారణమైన ఆమ్లమును కూర్చి దీనిని చేయుదురు. వట్టి విటమిను గాలికిని వెలుతురునకును త్వరగా చెడిపోవును, ఈ సమ్మేళన మట్లు త్వరగా చెడదు. ఈనుటకుముందు ఒక్కొక్క తల్లికి ఎన్ని యూనిట్లు చేరినవో లెక్కకట్టుట విద్యార్థులకు మంచి యభ్యాసము: 38 దినములు, దినమునకు 30,000. మొత్తము 11,40,000.

ఈనుటకు మూడు నాలుగు వారములు ముందుగా కొన్ని తల్లులకు ‘పి. ఇ. డి.’ వైరసును ఇచ్చిరి. కొన్నిటికి ఈయలేదు. ఇట్లు నాలుగు తరగతులేర్పడినవి: వైరసును విటమినును పొందినవి, వైరసునుమాత్రము పొందినవి, విటమినునుమాత్రము పొందినవి, రెండును పొందనివి. పిల్లలు పుట్టిన 3 మొదలు 5 దినములలో అన్ని తరగతుల పిల్లలకును వైరసును ఇచ్చి ఎన్ని బ్రతుకునో చూచిరి. కాపుదల యున్నదో లేదో తెలిసికొనుటకు వేరుదారి లేకపోయినను, ఆ ప్రాణులు చెల్లించిన వెల చిన్నది కాదు. అట్లు లభించిన లెక్కను శ్రద్ధతో సరిగా చదువుట మన కర్తవ్యము.

రెండును పొందని తల్లుల పిల్లలలో నూటికి 5.7 మాత్రమే బ్రతికినవి.
విటమినునుమాత్రము పొందిన తల్లుల పిల్లలలో నూటికి 8.3 బ్రతికినవి.
వైరసునుమాత్రము పొందిన తల్లుల పిల్లలలో నూటికి 55.9 బ్రతికినవి.
వైరసును విటమినును పొందిన తల్లుల పిల్లలలో నూటికి 74.2 బ్రతికినవి.

తల్లుల సంగతియు పరీక్షించిరి. వైరసునిచ్చిన తల్లులలో, విటమినును గూడ పొందినవాటికి విరేచనములు తేలికగా నుండెను, మలములో వైరసు తక్కువగా వెడలెను. ఈనకముందే వాటి రక్తములో ‘పి. ఇ. డి.’ ని పట్టు ‘ఐ. జి. ఏ.’ హెచ్చుగా నుండెను. పిల్లలకు వైరసునిచ్చిన పిమ్మట ఆ తల్లుల పాలలో, ప్రేవుల విలాసపుగుర్తు గల కణములు ఎక్కువగా కనబడెను. అనుకొనిన దారినే కాపుదల నడచినదని దీనివలన తోచుచున్నది.

లెక్కను చదువు విధము

పై నాలుగు సంఖ్యలలో మిక్కిలి గొప్ప పాఠమును చెప్పునది పెద్దసంఖ్య కాదు, 8.3 అను చిన్నసంఖ్య. విటమినే జబ్బునకు మందైనయెడల, విటమినునుమాత్రము పొందిన తల్లుల పిల్లలు బ్రతికియుండవలెను. కాని వాటిలో నూటికి తొంబదికంటె నెక్కువ చచ్చినవి. ఏమియు పొందనివాటికిని వీటికిని భేద మత్యల్పము. కావున విటమిను వైరసును చంపునన్న మాట ఈ ప్రయోగముచేత నిలువదు.

తల్లి శత్రువు నెరిగియుండినప్పుడు విటమిను ఆ యెరుకకు బలము చేకూర్చినది. నూటికి 56 గా నున్న బ్రతుకు 74 అయినది. అనగా నూరుపిల్లలలో అదనముగా 18 ప్రాణములు. తల్లికి ఆ యెరుక లేనప్పుడు విటమిను చేయగలిగినది లేదు. పలక లేని పిల్లవానికి ఎంత మంచి బలపమిచ్చినను అక్షరములు రావు గదా!

మరియొక సంగతి. రెండును పొందిన తల్లుల పిల్లలలో గూడ నూటికి 26 దాదాపు చచ్చినవి. ఇది సాయమే గాని సంపూర్ణరక్షణ కాదు. పైగా ఇది పరిశోధనాలయములో జరిగిన యొక ప్రయోగము. పలుచోట్ల, పలుమందలలో పరీక్షించిన పిమ్మటగాని ఇట్టి దానిని రైతులందరికిని నియమముగా చెప్పరాదు. ఆ శాస్త్రజ్ఞులును విటమిను ఈ విధముగా తోడ్పడవచ్చునని వినయముతోనే వ్రాసిరి. విజ్ఞానమును ప్రేమించువాడు చూచినంతయే చెప్పును, కోరినదంతయు చెప్పడు.

హెచ్చరికలు

మొదటిది. పంది కిచ్చిన మోతాదు మనుష్యులకు వర్తింపదు. ‘ఏ’ విటమిను నీటిలో కరిగి పోవునది కాదు. క్రొవ్వులో కరిగి కాలేయములో నిలువయుండును, మితిమీరినయెడల విషమగును. గర్భిణీస్త్రీలు దినమునకు 10,000 యూనిట్లకు మించి పుచ్చుకొనరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పియున్నారు. మించినయెడల గర్భస్థశిశువునకు అంగవైకల్యము కలుగు ప్రమాదము గలదు. విటమిను లోపించి హేలుగారి పందిపిల్లలు గ్రుడ్డివైనవి, మితిమీరినను చేటే. ఆకుకూరలను పండ్లను తినుటలో నిట్టి భయము లేదు.

రెండవది. తల్లిపందికి జబ్బు తెప్పించుట ఇండ్లలో చేయదగిన పని కాదు. ప్రయోగమున అది మూసిన గదులలో పండితుల కనుసన్నల జరిగినది. తెలియక చేసినయెడల ఒక యింటి జబ్బు ఊరంతయు ప్రాకును.

ఇండ్లలో చేయదగినవి

ఈ పాఠమునుండి మన పెంపకపుటిండ్లకు పనికివచ్చునవి కొన్ని గలవు, వీటికి వెల తక్కువ.

పిల్ల పుట్టిన కొద్దిగంటలలోనే ముర్రుపాలు త్రాగునట్లు చూడవలెను. బలహీనమైన పిల్లను చేతితో పట్టి చన్ను నందించవలెను. పిల్లలకు పొడిగడ్డిపరుపును వెచ్చదనమును ఉండవలెను, ఏలయనగా చలిపట్టిన పిల్ల పాలు త్రాగలేదు. క్రొత్తగా కొనితెచ్చిన పందిని కొన్నివారములు వేరుగా నుంచి జబ్బు లేదని తెలిసిన పిమ్మటనే మందలో కలుపవలెను. పరుల దొడ్డినుండి వచ్చినవారు చెప్పులు కడిగికొననిదే, మనవారైనను సరే, ఈనిన పందికడకు పోరాదు. చూలుపందికి పచ్చిమేత, తోటకూర, ఇతరమైన ఆకులు తప్పక పెట్టవలెను. పిల్లలకు విరేచనములు పట్టినయెడల పాలు మాన్పింపక, త్రాగగలిగినంత శుభ్రమైన నీరు అందుబాటులో నుంచి, వెంటనే పశువైద్యునికి తెలియజేయవలెను. విటమినుసీసాను అంగడిలో కొని పిల్లనోట పోసి, జబ్బు పోవునని కూర్చుండినయెడల చేతికందిన కాలమును పోగొట్టుకొనినవార మగుదుము.

ముగింపు

వైరసు నెదుర్కొనునది తల్లి నేర్చుకొనిన విద్య. ఆ విద్యను బిడ్డకు చేర్చునది పాలు. విటమిను చేయునదంతయు ఆ చేర్పును బలపరచుటయే. మన పాఠశాలలో బాలికలను చదివింపవలెనని ఉపాధ్యాయులు తల్లిదండ్రులను ఏటేట బ్రతిమాలుకొనుట ఎందుకని అడుగువారికి ఈ పాఠమునందు ఒక జవాబు గలదు. తల్లికి తెలిసినది బిడ్డకు అడుగకయే అందును. తల్లికి తెలియనిదానిని తరువాత ఎంత వెలపెట్టి కొనితెచ్చి పోసినను అంతగా ఒంటబట్టదు.

ఎరుకలవాడలోని యొక పసిపిల్లవాడు రేపు పశువైద్యుడై, తన తల్లి పెంచిన మందను ఈ జబ్బునుండి కాపాడుగాక. అతనిని చూచి నవ్విన సహపాఠులు ఆనాడు సిగ్గుపడి, అతనికడకు తమ పశువులను తోలుకొనిపోవుదురు గాక.